కాంటెస్సాకు మలుపుల్లో పట్టు రావాలంటే: తక్కువ ఖర్చులో ఏది ముందు, ఏది వద్దు

కాంటెస్సా కారు ఉన్నవాళ్లను ఎవరినైనా అడగండి, తిన్నని రోడ్డు మీద దాని నడకే వేరంటారు. మలుపు దగ్గరికొచ్చేసరికి మాట మారుతుంది. స్టీరింగ్ తిప్పాక కాసేపటికి గానీ ముక్కు కదలదు, కదిలాక బండి మొత్తం ఒక పక్కకు ఒరిగిపోతుంది, వెనక సీట్లో ఉన్నవాళ్లు పైన పిడి పట్టుకుంటారు. చిత్తూరు నుంచి పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఎక్కినా, చంద్రగిరి దాటి భాకరాపేట ఘాట్‌లో పడినా, మదనపల్లె పక్కన హార్స్‌లీ హిల్స్ ఎక్కినా ఇదే తంతు.

తిరుమల ఘాట్ సంగతి వేరు. దిగే రోడ్డు 1944 నాటిది, మెలికలు ఎక్కువ. అక్కడ టీటీడీ వేగానికి హద్దు పెట్టింది, పాత మోడల్ బండ్ల మీద ఆంక్షలూ ఉన్నాయి. మీ బండిని పంపిస్తారో లేదో అలిపిరిలో ముందే కనుక్కోండి. కొండ మీదికి వెళ్లడం కోసమే సస్పెన్షన్ (బండిని చక్రాల మీద మోసే స్ప్రింగులు, ఆర్ముల ఏర్పాటు) మార్చాలనుకుంటే మాత్రం ఆ డబ్బు దాచుకోవచ్చు.

మన దేశంలో మజిల్ కార్ అన్న పేరు కాంటెస్సాకే దక్కింది. హిందుస్థాన్ మోటార్స్ 1984 నుంచి 2002 దాకా తయారుచేసింది. 1972లో బ్రిటన్‌లో వచ్చిన వాక్స్‌హాల్ విక్టర్ ఎఫ్ఈ దీనికి మూలం. ముందు డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రాన్ని పైనొకటి, కిందొకటి పట్టుకునే రెండు ఆర్ములు), కాయిల్ స్ప్రింగులు. వెనక రెండు చక్రాలనూ కలిపే ఒకే హౌసింగ్, దానికీ కాయిల్ స్ప్రింగులే, ముందుకూ వెనక్కూ కదలకుండా ట్రెయిలింగ్ ఆర్ములు, పక్కకు జరగకుండా అడ్డంగా ప్యాన్‌హార్డ్ రాడ్. చెప్పుకోదగ్గ ఏర్పాటే ఇది. అంబాసిడర్, పద్మినీలకు వెనక కమాన్ కట్టలే కదా. అంటే బండి పుట్టుకలో పెద్ద లోపం లేదు. ఇన్నేళ్లలో అరిగిపోయినవే ఎక్కువ. అందుకే నా సలహా ఒక్కటే: డబ్బు నేల దగ్గర మొదలుపెట్టి పైకి ఖర్చు పెట్టుకుంటూ రండి. ముందు టైరు, తర్వాత జాయింట్లు, బుష్‌లు (ఆర్ములు బిగించే చోట ఉండే రబ్బరు గొట్టాలు), ఆ తర్వాత షాక్ అబ్జార్బర్. స్ప్రింగ్ ఆఖర్లో, అదీ అవసరమైతేనే.

చాలామంది సరిగ్గా దీనికి తలకిందులుగా వెళ్తారు. ముందు స్ప్రింగులు కోయించి బండిని కిందికి దించుతారు. దానికి కారణం ఫోన్లో చూసే అమెరికా వీడియోలు. 1960ల మస్టాంగ్‌లు, కమారోలు తిన్నటి రోడ్డు మీద దూకడానికి చేసినవి. వాటికి మలుపుల పట్టు తెప్పించడానికి అక్కడివాళ్లు చాలా పద్ధతులు కనిపెట్టారు. 1965 నాటి షెల్బీ జీటీ350లో (అదీ మస్టాంగే, రేసుకు తగ్గట్టు మార్చింది) ముందు పై ఆర్మ్ బిగించే చోటును ఒక అంగుళం కిందికి మార్చారు. మలుపులో చక్రం నిటారుగా నిలబడేందుకు అది చవకలో దొరికిన ఉపాయం. అయితే అది మస్టాంగ్ కొలతలకు కుదిరిన లెక్క. కాంటెస్సా కొలతలు వేరు, దీనికి రంధ్రాలు వేయకండి. పైగా ఆ వీడియోల్లో రోడ్లు అద్దంలా ఉంటాయి. మన దగ్గర పూతలపట్టు నుంచి కాణిపాకం వెళ్లేలోపే కొలత లేని స్పీడ్ బ్రేకర్లు తగులుతాయి.

ఒరగడం గురించి ఒక ముక్క

మలుపులో బండి ఒరుగుతుంది కాబట్టి ఒరగకుండా చేస్తే పట్టు వస్తుందని అనుకుంటాం. సగమే నిజం. మలుపులో లోపలి చక్రాల మీది బరువు కొంత బయటి చక్రాల మీదికి పోతుంది. ఎంత పోతుందనేది బండి బరువు, దాని గరిమనాభి ఎత్తు, రెండు చక్రాల మధ్య వెడల్పు, మలుపు ఎంత గట్టిగా తీశామన్నదాని మీద ఆధారపడుతుంది. 1200 కిలోల బండి, గరిమనాభి ఎత్తు 0.55 మీటర్లు, చక్రాల మధ్య 1.4 మీటర్లు అనుకోండి. అర జీ బలంతో (అంటే బండి బరువులో సగమంత బలం పక్కకు లాగేలా) మలుపు తీస్తే సుమారు 235 కిలోలు బయటి పక్కకు మారుతుంది. ఈ లెక్కలో స్ప్రింగ్ గట్టిదనం ఎక్కడా లేదు. స్ప్రింగులు ఎంత బిగించినా ఆ 235 కిలోలు పోయేది పోతుంది. ముందు చక్రాలు ఎంత మోయాలి, వెనకవి ఎంత మోయాలి అన్న పంపకం మాత్రం మారుతుంది. ఒరగడం తగ్గితే చక్రం రోడ్డు మీద కాస్త తిన్నగా నిలుస్తుంది, అది లాభమే. అయితే చివరికి రోడ్డును పట్టుకునేది టైరు రబ్బరు ఒక్కటే.

టైర్లు: ముందు తేదీ చూడండి

టైరు పక్కగోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. కాంటెస్సాలు ఎక్కువగా నీడనే నిలబడి ఉంటాయి, అందుకే టైరు మీది గాళ్లు అరగక లోతుగానే కనిపిస్తాయి. చూసినవాళ్లు ‘టైర్లు కొత్తవే’ అంటారు. వయసు ఆరేడేళ్లు దాటి, మన వేడికి రబ్బరు గట్టిపడితే ఆ గాళ్లు ఎంత లోతున్నా లాభం లేదు. గోటితో నొక్కి చూడండి, అసలు దిగకపోయినా, పక్కగోడ మీద సన్నటి పగుళ్లు కనిపించినా మార్చేయాల్సిందే. ఇక్కడ అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. తడి ఘాట్ మీద గట్టిపడ్డ టైరుతో మిగతా సస్పెన్షన్ ఎంత మంచిదైనా దండగే.

కంపెనీ సైజులోనే మంచి రేడియల్ తీసుకోవడమా, ఒక సైజు వెడల్పు పెంచడమా అనేది తర్వాతి ప్రశ్న. ఒక మెట్టు పెంచితే తప్పులేదు. చుట్టుకొలత మాత్రం పెద్దగా మారకూడదు. ఉదాహరణకు 185/70 ఆర్14 టైరు ఎత్తు సుమారు 615 మిల్లీమీటర్లు, 195/65 ఆర్14ది 609. తేడా ఒక్క శాతమే, స్పీడోమీటర్ పెద్దగా అబద్ధం చెప్పదు. అంతకు మించి వెడల్పుకు వెళ్తే స్టీరింగ్ బరువెక్కుతుంది, పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపల రాసుకుంటుంది, వీల్ బేరింగుల మీద భారం పెరుగుతుంది. పవర్ స్టీరింగ్ లేని బండితో తిరుపతి గాంధీ రోడ్డులో పార్కింగ్ చేసి చూడండి, మీకే తెలుస్తుంది. ఈ సైజుల్లో ఒక మామూలు కంపెనీ టైరు రూ.5 వేలకు అటూఇటూగా దొరుకుతుంది. రెండే కొనగలిగితే కొత్తవి వెనక వేయించండి. వెనక జారిన బండిని సరిచేయడం మామూలు డ్రైవరు వల్ల కాదు.

బుష్‌లు: చవకైన పని, పెద్ద తేడా

టైర్లు బాగుండి, మీ జేబులో పది వేలకు మించి లేకపోతే ఈ భాగం ఒక్కటీ చదివినా చాలు.

జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే బాల్ జాయింట్ (ఆర్మునూ చక్రాన్నీ కలిపే గుండు కీలు) గానీ వీల్ బేరింగ్ గానీ పోయినట్టు. పక్కల పట్టుకుని ఊపితే ఆడిందంటే టై రాడ్ ఎండ్‌లు (స్టీరింగ్ కడ్డీని చక్రానికి కలిపే కీళ్లు) చూడాలి. ఆ తర్వాత కింద దూరి, ఆర్ముల బుష్‌లను టార్చి వేసి చూడండి. పాత రబ్బరు బుష్ బయటికి తీస్తే ఎండిన మామిడి తాండ్రలా పొరలుపొరలుగా వస్తుంది. మధ్యలో ఉండాల్సిన ఇనుప గొట్టం ఒక పక్కకు జరిగిపోయి, రబ్బరు లేనిచోట ఇనుము ఇనుమును తిని మెరుస్తూ ఉంటుంది. మలుపులో స్టీరింగ్ తిప్పాక బండి ఆలస్యంగా స్పందించడానికి సగం కారణం ఈ ఖాళీయే. ఆర్ము ముందు ఆ ఖాళీ అంతా జరిగి, అప్పుడు గానీ చక్రాన్ని తిప్పదు.

ఇక్కడ మూడు దారులు. కంపెనీ కొలత రబ్బరు బుష్‌లు వెతికి వేయించడం, పాలీయూరిథేన్ బుష్‌లు చేయించడం, లేత్ మీద నైలాన్ తిప్పించి కొట్టించడం.

మూడోది వద్దు. నైలాన్‌కు సాగే గుణం లేదు. ప్రతి గుంతా నేరుగా చాసిస్ మీద పడుతుంది, ఆర్ము బిగించే చోట కొన్నాళ్లకు పగులు వస్తుంది. చిత్తూరు, రేణిగుంట పక్క లారీలకు లేత్ పని చేసేవాళ్లు మంచి పనిమంతులే, వాళ్ల చేత బుష్ కూర్చునే గొట్టాలు సరిచేయించుకోండి, బుష్ మాత్రం కాదు.

పాలీ బుష్ రబ్బరు కంటే గట్టిది, ఎండకూ ఆయిలుకూ త్వరగా పాడవదు. అందరూ ‘పాలీ వేయించా’ అని గర్వంగా చెప్పుకుంటారు. దాన్ని ఎక్కడ వేస్తున్నామనేదే ముఖ్యం. ముందు విష్‌బోన్ ఒకే ఇరుసు మీద పైకీ కిందికీ తిరుగుతుంది కాబట్టి అక్కడ పాలీ బాగానే ఉంటుంది, గ్రీజు సరిగ్గా పెట్టకపోతే మాత్రం కీచుమంటుంది. ప్యాన్‌హార్డ్ రాడ్‌కు వేస్తే వెనక భాగం పక్కకు ఊగడం తగ్గుతుంది, ఈ బండికి అదొక మంచి బేరం. వెనక ట్రెయిలింగ్ ఆర్ములకు మాత్రం రబ్బరే ఉండాలి. బండి ఒరిగినప్పుడు హౌసింగ్ ఒక పక్కకు వాలుతుంది, ఆర్ములు కొంచెం మెలితిరగాలి. ఆ మెలికను రబ్బరు భరిస్తుంది, పాలీ భరించదు. భరించకపోతే వెనక చక్రం పట్టు చెప్పాపెట్టకుండా వదిలేస్తుంది. మలుపులో నమ్మకం కోసం చేసిన పని మలుపులోనే మోసం చేస్తుందన్నమాట.

రబ్బరు బుష్ వేసేటప్పుడు ఒక్క విషయం మెకానిక్‌కు నొక్కి చెప్పండి. బోల్టుల ఆఖరి బిగింపు బండిని నేల మీద నిలబెట్టాకే చేయాలి. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఆ వేలాడే స్థితిలోనే పట్టుకుంటుంది. కిందికి దించగానే మెలితిరిగిపోయి నెలల్లో చిరిగిపోతుంది. చాలా షెడ్లలో ఇది చేయరు. చేయించుకోవాల్సింది మనమే.

కాంటెస్సా సామాన్లు తిరుపతిలో దొరకడం కష్టం. చెన్నై పుదుపేటలో వెతికితే దొరుకుతాయి. పాత బుష్‌నూ, దాని గొట్టం కొలతనూ వెంట తీసుకెళ్లండి, వట్టి బండి పేరు చెబితే దేన్నో ఒకదాన్ని చేతిలో పెడతారు.

షాక్ అబ్జార్బర్లు: ఆయిలా, గ్యాసా, రీకండిషనా

స్ప్రింగ్ బండిని మోస్తుంది. ఆ స్ప్రింగ్ ఊగకుండా ఆపేది షాక్ అబ్జార్బర్. ఫెండర్ మీద గట్టిగా నొక్కి వదలండి. బండి ఒకసారి పైకి లేచి కుదురుకుంటే బాగున్నట్టు, రెండు మూడుసార్లు ఊగితే పోయినట్టు. ఆయిలు కారిన మరకలుంటే ఇక పరీక్ష అక్కర్లేదు.

రీకండిషన్ అంటే పాతదాన్ని కోసి, సీలు మార్చి, ఆయిలు పోసి, మళ్లీ వెల్డింగ్ చేయడం. కొత్తదాని ధరలో కొంత భాగానికే వస్తుంది. ఎడమదానికీ కుడిదానికీ బలం ఒకేలా రాదు, అదే దీని చిక్కు. ఒక పక్క మెత్తగా, ఒక పక్క గట్టిగా ఉన్న బండి ఎడమ మలుపులో ఒక తీరుగా, కుడి మలుపులో ఇంకో తీరుగా నడుస్తుంది. ఘాట్ రోడ్డు మీద ఇంతకంటే టెన్షన్ ఏముంటుంది? అసలు ఎక్కడా దొరకని సైజైతే తప్ప ఆ దారి వద్దు.

ఆయిలు రకం చవక, మెత్తన. గతుకుల రోడ్డు మీద ఎక్కువసేపు నడిస్తే లోపలి ఆయిల్లో బుడగలు లేచి బలం తగ్గుతుంది. తక్కువ ఒత్తిడితో నైట్రోజన్ నింపిన గ్యాస్ రకంలో ఆ బుడగలు బాగా తగ్గుతాయి, పని ఒకే తీరుగా ఉంటుంది. ధర కాస్త ఎక్కువ, నడక కొంచెం బిగువు. కంపెనీ స్ప్రింగుల మీద కొత్త గ్యాస్ షాక్ అబ్జార్బర్లు నాలుగూ వేయిస్తే బండి ఒరిగేది పెద్దగా తగ్గదు గానీ ఒరిగే వేగం తగ్గుతుంది, రెండు మలుపులు వెంటవెంటనే వచ్చినప్పుడు ఊగిసలాట పోతుంది. డ్రైవింగ్‌లో నమ్మకం ఇచ్చేది అదే. గాబ్రియెల్ లాంటి మనదేశపు కంపెనీల్లో సరైన పొడవు, బిగింపు కుదిరేది దొరికితే చాలు. నాబ్ తిప్పి బలం మార్చుకునే ఖరీదైనవి ఈ బడ్జెట్‌కు అనవసరం. కొన్నవాళ్లు కూడా మొదటి వారం తర్వాత నాబ్ ముట్టుకోరు.

కొత్తవి బిగించేముందు నిటారుగా పట్టుకుని పూర్తిగా లాగి, పూర్తిగా నొక్కి, నాలుగైదుసార్లు ఆడించాలి. పడుకోబెట్టి ఉంచినప్పుడు లోపల చేరిన గాలి అలా బయటికొస్తుంది.

స్ప్రింగులు

షెడ్డుకు వెళ్తే వినిపించే మాట ఇది: “ఏం సామీ, ఒక చుట్టు కోసేద్దామా? బండి నేలకు అంటుకోని కూర్చుంటాది.” చాలా మందికి నచ్చే మాట, డబ్బు కూడా పెద్దగా అడగరు.

చుట్టు కోస్తే స్ప్రింగ్ గట్టిపడే మాట నిజమే. పనిచేసే చుట్లు 8 ఉంటే ఒకటి తీసేసినప్పుడు గట్టిదనం సుమారు 14 శాతం పెరుగుతుంది. దాంతోపాటు పైకీ కిందికీ కదిలే చోటు చాలా తగ్గిపోతుంది. గుంతలో పడ్డప్పుడు ఆర్ము వెళ్లి రబ్బరు స్టాపరుకు తగులుతుంది. మలుపు మధ్యలో అది తగిలిన క్షణం ఆ చక్రం గట్టిదనం ఒక్కసారిగా ఎన్నో రెట్లు అవుతుంది, టైరు జారుతుంది. గ్యాస్ కట్టరుతో కోస్తే వేడికి ఉక్కు పదును పోయి కొన్నాళ్లకు ఆ పక్క కుంగిపోతుంది. జాకీ ఎత్తినప్పుడు పొట్టి స్ప్రింగ్ గిన్నెలోంచి జారిపోవచ్చు.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. డబుల్ విష్‌బోన్ బండిని కిందికి దించితే ఆర్ముల వాలు మారుతుంది. బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు, బండి దిగినదాని కంటే ఎక్కువ దిగిపోతుంది. బరువుకూ ఆ బిందువుకూ మధ్య దూరం పెరిగి, ఒరిగించే బలం తగ్గకపోగా పెరగొచ్చు. టై రాడ్ వాలు కూడా తప్పి, గుంత తగిలిన ప్రతిసారీ స్టీరింగ్ దానంతటదే కాస్త తిరుగుతుంది. కింద కూర్చున్న బండి ఫొటోలో బాగుంటుంది, ఘాట్‌లో కాదు.

పాత స్ప్రింగులు నిజంగా కుంగి ఉంటే సంగతి వేరు. సమతలం మీద నిలబెట్టి, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు పక్కలా టేపుతో కొలవండి. ఎడమకూ కుడికీ తేడా బాగా కనిపిస్తే కొత్తవి చేయించుకోవాలి. అప్పుడు తీగ మందం కాస్త పెంచమని అడగొచ్చు. కాస్త అంటే నిజంగా కాస్తే. గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 13 మిల్లీమీటర్ల తీగను 14 చేస్తే ఏకంగా 34 శాతం గట్టి. దానికి తగ్గ షాక్ అబ్జార్బర్ లేకపోతే బండి గంతులేస్తుంది. ఎల్పీజీ సిలిండర్ ఉన్న బండ్లకు ఆ బరువు వెనకే పడుతుంది కాబట్టి వెనక స్ప్రింగులే ముందు చూడాలి.

యాంటీ రోల్ బార్

ఎడమ, కుడి చక్రాల ఆర్ములను కలుపుతూ అడ్డంగా ఉండే ఇనుప కడ్డీ ఇది. స్ప్రింగ్ ముట్టుకోకుండా ఒరగడం తగ్గించాలంటే ఇదొక్కటే సరైన దారి. తిన్నటి రోడ్డు మీద రెండు చక్రాలూ కలిసి లేస్తే బార్ పనిచేయదు, నడక మెత్తగానే ఉంటుంది. ఒరిగినప్పుడే మెలితిరిగి అడ్డుకుంటుంది. దీనికీ నాలుగో ఘాతం లెక్కే: 20 మిల్లీమీటర్ల బార్ బదులు 22 వేస్తే 46 శాతం బలం పెరుగుతుంది. ముందు వైపు పెంచితే మలుపులో ముక్కు కాస్త బయటికి పోయే గుణం వస్తుంది. చెప్పుకోవడానికి బాగుండదు గానీ యాక్సిలరేటర్ వదిలితే సర్దుకుంటుంది, భద్రమైన తీరు. వెనక బార్ వేస్తే బండి చురుగ్గా తిరుగుతుంది. వెనక చక్రాలు నడిపే బండికి, వానలో, అనుభవం లేని చేతికి అది వద్దు. ముందుగా పాత బార్ లింకులు, దాన్ని పట్టుకునే రబ్బర్లు మార్చి చూడండి, కొత్త బార్ అక్కర్లేదని సగం మందికి అక్కడే తేలిపోతుంది.

కాయిలోవర్లు (ఎత్తు మార్చుకునే వీలున్న స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసిన జత), వేరే బండి ముందు భాగం మొత్తం తెచ్చి అతికించడం లాంటివి ఈ బడ్జెట్‌లోకి రావు. చట్టం కూడా ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పొడిగింపు కోసం ఆర్టీవో ఆఫీసుకు ఎలాగూ వెళ్లాలి. అక్కడ బుష్‌లూ షాక్ అబ్జార్బర్లూ మార్చినందుకు ఎవరూ ఏమీ అనరు, కోసిన స్ప్రింగులూ బయటికి పొడుచుకొచ్చిన టైర్లూ కంటికి ఆనతాయి. పాతకాలపు బండ్లకు వింటేజ్ కింద సడలింపు ఉంది కదా అనుకోవద్దు, 2021 నిబంధనల్లో దానికి 50 ఏళ్లు దాటాలి. కాంటెస్సాకు ఇంకా టైముంది.

ఎంత ఉంటే ఏం చేయాలి

రూ.10 వేలు ఉండి టైర్లు బాగుంటే: టై రాడ్ ఎండ్‌లు, అరిగిన ముందు బుష్‌లు, ప్యాన్‌హార్డ్ రాడ్ బుష్‌లు, అలైన్‌మెంట్. టైర్లు ముసలివైతే బుష్‌ల జోలికి పోకుండా ఆ డబ్బు టైర్ల కోసం దాచండి.

రూ.35 వేల దాకా ఉంటే నాలుగు టైర్లు, పై జాబితా మొత్తం, మిగిలితే ముందు షాక్ అబ్జార్బర్ల జత. రోజూ ఇంట్లోవాళ్లతో తిరిగేవాళ్లు ఇక్కడితో ఆగొచ్చు.

రూ.60 వేలు పెట్టగలిగితే నాలుగు గ్యాస్ షాక్ అబ్జార్బర్లు, వెనక ఆర్ములకు కొత్త రబ్బరు, కుంగి ఉంటే స్ప్రింగులు. ఇవన్నీ అయ్యాక కూడా ఒరగడం ఎక్కువనిపిస్తే అప్పుడు ముందు బార్. ఇంతకు మించి డబ్బుంటే బ్రేకుల వైపు చూడండి. ఘాట్ దిగేటప్పుడు మలుపు తిప్పే ముందు ఆగడం కూడా కావాలి.

ఏ పని చేయించినా చివర్లో అలైన్‌మెంట్ తప్పదు. అలైన్‌మెంట్ షాపు కంప్యూటర్లో కాంటెస్సా ఉండదు. ‘ఏదో ఒక బండి పెట్టి చేసేస్తాం’ అంటే ఒప్పుకోకండి. పాత మాన్యువల్ కొలతలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. రేడియల్ టైర్లతో ఘాట్‌లు ఎక్కువ తిరిగేవాళ్లకు క్యాంబర్ (చక్రం వాలు) నెగటివ్‌లో, అంటే పై అంచు లోపలికి, అర డిగ్రీ, టో-ఇన్ (రెండు చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండడం) 1 నుంచి 2 మిల్లీమీటర్లు సరిపోతాయి, ఎడమకూ కుడికీ ఒకేలా ఉండాలి. డ్రైవర్ సీట్లో మనిషినో, అంత బరువో పెట్టించి కొలిపించండి. అయిదారు వందల కిలోమీటర్లు తిరిగాక ఆర్ముల బోల్టులన్నీ ఒకసారి మళ్లీ బిగింపు చూపించి, ముందు టైర్ల లోపలి అంచును చేత్తో తడిమి చూడండి. రంపం పళ్లలా తగిలితే టో తప్పినట్టే, మళ్లీ షాపుకు పోవాలి.